చేతుల్లో పెరిగిన పుంజు పసివాడి మీదికి ఎగిరితే

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పెరట్లో ఐదు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఈ పుంజు నిరుడు తల్లికి దూరమై చలికి వణుకుతున్న పిల్లగా ఉన్నప్పుడు మా అబ్బాయి ఇంట్లోకి తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి, నూకలూ అన్నం మెతుకులూ చేత్తో తినిపించి పెంచాడు. వాడికి ఇప్పుడు ఐదేళ్లు. పుంజుకు బుజ్జి అని పేరు పెట్టుకున్నాడు. మూడు నెలలుగా అది, నేను వాకిలి ఊడుస్తుంటే వెనకనుంచి వచ్చి పిక్కల మీద తన్నుతోంది. మా వారు కర్రతో కొట్టారు, అప్పటినుంచి మరీ రెచ్చిపోయింది. పెట్టల్లో రెండింటికి వీపు మీద ఈకలు కూడా ఊడిపోయాయి. పోయిన వారం అది మా అబ్బాయి మీదికి ఎగిరి, కంటికి అంగుళం దూరంలో గీరింది. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని మా అత్తగారు అంటారు. సంక్రాంతి దాకా ఉంచితే పందేలవాళ్లు మంచి ధర ఇస్తారని కూడా అంటారు. పక్కింటివాళ్లు కాలి ముళ్లు కోసెయ్యమంటున్నారు. పులుసు పెట్టుకుందామంటే పిల్లవాడు ఏడుస్తున్నాడు. దాన్ని మార్చే దారి ఏదైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. అయితే ఇది చదవడం ముగించిన తర్వాత మీరు చేయవలసిన మొదటి పని ఏమిటంటే, ఈ సాయంత్రం నుంచే మీ అబ్బాయికీ ఆ పుంజుకూ మధ్య ఒక తడిక ఉండేలా చూడండి. పుంజును మార్చవచ్చా, ఉంచుకోవచ్చా అన్న ఆలోచన తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. ఐదేళ్ల పిల్లవాడు నిలబడితే మూడున్నర అడుగులు ఉంటాడు, గోళీలు ఆడుకుంటూ గొంతుక్కూర్చుంటే వాడి ముఖం సరిగ్గా పుంజు తల ఎత్తుకు వస్తుంది. పెద్దవాళ్ల పిక్కకు తగిలే దెబ్బ పిల్లవాడికి కంటికి తగులుతుంది. అంగుళం దూరంలో తప్పిపోయిందని మీరే రాశారు. రెండోసారి కూడా ఆ అంగుళం మిగులుతుందని నమ్ముకుని ఉండవద్దు.

ఆ గీత ఇప్పుడు మానిపోయి ఉండవచ్చు. అయినా ధనుర్వాతం రాకుండా కూడా కాపాడే, వాడికి ఐదేళ్ల వయసులో వేయించవలసిన డీపీటీ బూస్టర్ టీకా పడిందో లేదో టీకాల కార్డులో ఒకసారి చూడండి. కోడి గోళ్లూ ముళ్లూ ఎప్పుడూ మట్టిలోనూ పెంటలోనూ తిరిగేవి కాబట్టి ధనుర్వాతం గురించి జాగ్రత్త పడాలి. కుక్క కరిస్తే వచ్చే రేబిస్ కోడి పొడిస్తే రాదు, ఆ భయం అక్కర్లేదు. ఇకముందు ఎవరికి గాయమైనా సబ్బుతో, ధారగా పడే నీటితో బాగా కడగండి. పసుపు అద్ది వదిలెయ్యకండి. కంటికి ఏ మాత్రం తగిలినా, ఎర్రబడినా, నీరు కారుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా కంటి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. నా ఎడమ కనుబొమ్మ కింద బియ్యపు గింజంత మచ్చ ఒకటి ఉంది. ఆరేళ్లప్పుడు మా అమ్మమ్మగారి దొడ్లో గుడ్లు ఏరడానికి వంగినప్పుడు పుంజు తన్నిన చోటు అది. అందుకే మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నా చెయ్యి దానంతట అదే ఆ మచ్చ మీదికి పోయింది.

ఇక బుజ్జి ఎందుకు ఇలా మారిందనే సంగతి. మీ ఇంట్లో ఎవరూ దానికి ద్రోహం చేయలేదు, అదీ మీమీద పగ పట్టలేదు. పుంజు పిల్ల ఐదారు నెలలు నిండేసరికి ఈడుకు వస్తుంది. తురాయి ఎర్రబడుతుంది, కూత గట్టిపడుతుంది, పెట్టలనూ వాటి చోటునూ కాపాడుకోవాలన్న ఉరవడి ఒంట్లో పుడుతుంది. గద్ద నీడ పడితే ఒక రకంగా, కుక్కో ముంగిసో వస్తే మరొక రకంగా అరిచి పెట్టలను హెచ్చరించేది, గింజ దొరికితే తాను మింగకుండా ముక్కుతో పైకెత్తి కింద పడేస్తూ క్లుక్ క్లుక్ మని పెట్టలను పిలిచేది ఆ ఉరవడే. అది మనుషులను శత్రువుల లెక్కలో వేసుకున్నప్పుడే మనకు చిక్కు.

తల్లి కోడి కింద, సాటి పిల్లల మధ్య పెరిగిన పుంజు మనిషిని చూస్తే రెండడుగులు పక్కకు తొలగుతుంది. ఎక్కువ మాట్లాడితే పెద్ద పుంజు దాని తల మీద ఒకటి పొడిచి హద్దు నేర్పుతుంది. అట్టపెట్టెలో, మనిషి ఒళ్లో ఒంటరిగా పెరిగిన పుంజుకు ఆ బెరుకూ లేదు, ఆ హద్దూ లేదు. దాని లెక్కలో మీ అబ్బాయి తన జాతివాడే. కాబట్టి ఈడుకు వచ్చాక తన జాతి మగవాటితో ఎలా పోట్లాడాలో వాడితోనూ అలాగే పోట్లాడుతుంది. ముద్దుగా పెంచిన పుంజులే మనుషుల మీదికి ఎక్కువగా వస్తాయని కోళ్లు పెంచేవాళ్లు చాలామంది గమనించారు, నేనూ చూశాను. ఇది మీ అబ్బాయి తప్పని వాడి ముందు ఎవరూ అనకుండా చూడండి. చలికి వణికే పిల్లను బతికించినవాడు వాడు.

మీరు వాకిలి ఊడ్చేటప్పుడే అది ఎందుకు వస్తుందో ఒక్కసారి దాని ఎత్తులో నుంచి చూడండి. మీరు వంగి ఉంటారు, వీపు దాని వైపు ఉంటుంది, చేతిలో చీపురు నేలను రాచుకుంటూ అటూ ఇటూ విసురుగా కదులుతుంటుంది. మెడ ఈకలు విప్పుకుని, ఒక రెక్కను నేలకు రాస్తూ పక్కకు నడిచే మరో పుంజులాగే ఆ చీపురు దానికి కనబడుతుంది. అప్పుడు మీరు అదిలించి పరుగెత్తితే శత్రువు ఓడి పారిపోయాడని దానికి అర్థమవుతుంది, తిరిగి కాలితో తన్నితే శత్రువు సరేనని పోరుకు దిగాడని అర్థమవుతుంది. రెండు విధాలా దాని పట్టుదల పెరుగుతుంది. మీ వారు కర్ర తీసుకోవడం సహజమే, భార్యాబిడ్డలకు దెబ్బ తగిలితే ఎవరికైనా చెయ్యి లేస్తుంది. కాని కర్ర దెబ్బ తిన్న పుంజు భయపడి లొంగదు. మరుసటి రోజు మనిషి అలికిడి వినగానే ముందే సిద్ధమై నిలబడుతుంది. కాబట్టి కొట్టడం ఇవాళ్టితో ఆపెయ్యండి.

మరి చేయవలసింది ఏమిటంటే, ముందు ఒక వెదురు తడికల దడి కట్టించండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పైన వల, ఒక పక్క నీడ, ఎండిపోకుండా నీళ్లు ఉంటే చాలు. దానికి తోడుగా ఒక పెట్టను అందులో ఉంచితే అరిచి అరిచి బెంగపడదు, కాని వీపు బోసిపోయిన ఆ రెండు పెట్టలను మాత్రం అందులో వేయకండి. కాలికి తాడు కట్టి గుంజకు కట్టేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. కొద్దిసేపైతే సరే, రోజుల తరబడి అయితే ఆ తాడు కాలు కోసుకుపోతుంది. కట్టేసిన పుంజు దగ్గరికి పిల్లలు ధైర్యంగా వెళతారు, తాడు పొడవు లెక్క వాళ్లకు తెలియదు. ఆ ప్రమాదం విడిచిపెట్టిన పుంజు వల్ల వచ్చేదానికంటే తక్కువేమీ కాదు.

దడిలోకి మార్చడానికి పగలు వెంటపడి పట్టకండి. పొద్దు గూకిన తర్వాత కోళ్లకు చూపు సరిగా ఆనదు, గూట్లో కుదురుగా కూర్చుని ఉంటాయి. ఆ వేళ మెల్లగా చెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, తొడల దగ్గర రెండు కాళ్లూ కలిపి వేళ్ల మధ్య పట్టుకుని, రెక్కలు విప్పుకోకుండా ఒంటికి అదిమి, చంకలో ఇరికించుకోండి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం దానికి నరకం, అలా చేస్తే మీ చెయ్యంటేనే అది హడలిపోతుంది. పట్టుకున్నప్పుడే దీపం వెలుగులో ఒళ్లంతా చూడండి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ పేలు పట్టాయా, అరికాలిలో పుండు ఉందా, కర్ర దెబ్బకు ఎక్కడైనా వాచిందా అని తడిమి చూడండి. నొప్పితో ఉన్న పక్షి మామూలు కంటే చిరాకుగా ఉంటుంది. పేలు ఉంటే పశువైద్యశాలలో అడిగి మందు తెచ్చి పట్టించండి. పొలానికి కొట్టే పురుగుమందు మాత్రం దాని మీద చల్లవద్దు.

ఆ తర్వాత మూడు వారాల పాటు రోజూ సాయంత్రం మీ వారో మీరో దాన్ని ఇలాగే చంకలో పెట్టుకుని పది నిమిషాలు పెరట్లో తిరగండి. మొదట గింజుకుంటుంది, కాసేపటికి మెడ వాలుస్తుంది, కనురెప్పలు కిందనుంచి పైకి మూతపడతాయి. ఒళ్లు వదులైన తర్వాతే దించండి, గింజుకుంటున్నప్పుడు వదిలితే గింజుకోవడమే తోవ అని నేర్చుకుంటుంది. దాని తలను నేలకు అదిమిపట్టి లొంగదీయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు, పైగా మెడకు దెబ్బ తగిలే వీలుంది. పొద్దున్నే దడి తలుపు తీసేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, ముందు గుప్పెడు జొన్నలు దూరంగా ఆ మూలకు విసరండి. అది పెట్టను పిలిచే పనిలో పడుతుంది, మీరు నీళ్లు మార్చి బయటికి వచ్చెయ్యవచ్చు. చేతిలో ఒక చేట ఉంచుకోండి. కొట్టడానికి కాదు, మీదికి ఎగిరితే అడ్డం పెట్టడానికి. అది వచ్చినప్పుడు వెనక్కి పరుగెత్తకుండా, ముందుకు ఉరకకుండా, చేటను కాళ్లకు అడ్డం పెట్టి ఉన్నచోటే నిలబడితే రెండు మూడు ఎగురుళ్లకు విసిగి నేలను పొడవడం మొదలుపెడుతుంది. ఏమీ తోచనప్పుడు కోళ్లు చేసే పని అది. అప్పుడు మీరు నెమ్మదిగా, వీపు చూపకుండా తప్పుకోండి. అది చూస్తుండగా పెట్టలను తరిమి పట్టుకోవడం మాత్రం మానెయ్యండి. పెట్ట అరుపు విన్న పుంజు ఊరుకోదు.

దీనితో కొన్ని పుంజులు నిజంగానే మారతాయి. ఈడుకు వచ్చిన కొత్తలో ఉన్నవి, ఒకటి రెండుసార్లే ఎగిరినవి తొందరగా దారికి వస్తాయి. మూడు నెలలుగా తన్నడానికి అలవాటుపడినది, కర్ర దెబ్బలు కూడా తిన్నది పూర్తిగా మారుతుందని నేను మీకు ఆశ పెట్టలేను. ఒకవేళ పెద్దవాళ్ల దగ్గర నెమ్మదించినా, పిల్లవాడి దగ్గర నెమ్మదిస్తుందన్న భరోసా లేదు. పిల్లలు పరుగెత్తుతారు, కేకలు వేస్తారు, ఉన్నట్టుండి వంగుతారు, అది రెచ్చిపోవడానికి కావలసినవన్నీ వాళ్ల ఆటలోనే ఉన్నాయి. అందువల్ల బుజ్జి ఎంత మంచిదైనా మీ అబ్బాయి పెరట్లో ఉన్నంతసేపు దడిలోనే ఉండాలి. దాని జీవితమంతా అలా దడి కాపలా కాయడం మీ ఇంట్లో కుదురుతుందా అన్నది మీరూ మీ వారూ కూర్చుని ఆలోచించుకోవాలి. ఒక్క రోజు తలుపు గడియ మరిచిపోతే చాలు కాబట్టి ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాలి ముళ్లు కోసే విషయంలో పక్కింటివారి మాట సగమే నిజం. ముల్లుకు పైన ఉన్నది గోరువంటి పొర, లోపల ఉన్నది కాలి ఎముకకు అతుక్కుని పెరిగే ఎముక, అందులో రక్తం తిరుగుతుంది. కత్తితో మొదలంటా కోస్తే ఎముక తెగినంత బాధ, రక్తం ఆగదు, చీము పట్టవచ్చు. కాల్చిన ఇనుముతో అదమడం అంతకంటే క్రూరం. చివర ఉన్న వాడి మొనను మాత్రం సన్నటి ఆకురాయితో రెండు మూడు మిల్లీమీటర్లు అరగదీసి గుండ్రంగా చేయవచ్చు. అలా చేస్తే గాయం లోతు తగ్గుతుంది, పుంజు తొక్కుళ్లకు పెట్టల వీపులు చీరుకుపోవడమూ తగ్గుతుంది. కాని బుద్ధి ముల్లులో లేదు. ముల్లు మొద్దుబారినా ముక్కు ఉంటుంది, గోళ్లు ఉంటాయి. అరగదీశాం కదా అని పిల్లవాణ్ణి దాని ముందు వదలకండి.

మీ అత్తగారికి ఈ మాట గౌరవంగా చెప్పండి: పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. మేత, వెలుతురు, ఆరోగ్యం ఉంటే పుంజు మొహం చూడని పెట్ట కూడా గుడ్లు పెడుతుంది, కోళ్లఫారాల నుంచి మన ఇళ్లకు వచ్చే గుడ్లన్నీ అలా పెట్టినవే. పుంజు లేకపోతే ఆ గుడ్లు పొదిగితే పిల్లలు కావు, అంతే తేడా. పైగా అటువంటి గుడ్డులో పిండం పెరగదు కనుక వేసవిలో మరికాస్త నిలవ ఉంటుంది. మామూలుగా ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు ఉంటే వాటిమీద భారం పడదు. మీకున్నవి ఐదే. రెండింటి వీపు బోసిపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. పుంజు వేరుగా ఉంటే కొన్ని వారాల్లోనే మెత్తటి ఈక మళ్లీ మొలవడం మీకు కనబడుతుంది.

సంక్రాంతి పందేల మాటకు వస్తున్నాను. మన కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల్లో పండుగ మూడు రోజులూ ఈ బేరాలు ఎలా నడుస్తాయో నాకు తెలుసు, ఇంటికి డబ్బు ఎంత అవసరమో కూడా తెలుసు. అయినా బుజ్జిని అటు పంపవద్దని వేడుకుంటున్నాను. కాలికి కత్తి కట్టి బరిలో వదిలిన పుంజు చాలాసార్లు నిమిషాల్లోనే పేగులు బయటపడి పోతుంది, గెలిచినది కూడా గాయాలతో తర్వాత చచ్చేవి ఎన్నో. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జంతువులను పోట్లాటకు దించడాన్ని నేరంగా చూస్తుంది. పందెం కాసినందుకు 1974 నాటి గేమింగ్ చట్టం కింద కూడా కేసులు పెడతారు. ఇంకొక సంగతి, మనిషి మీదికి ఎగిరే పుంజే బరిలో గెలుస్తుందని అనుకోవడం పొరపాటు. పందేలకు తరతరాలుగా పెంచుతున్న అసీల్ జాతి సాటి పుంజును చూస్తే ఆగదు కాని, పెంచినవాడి చేతిలో సాధారణంగా సాధువుగా ఉంటుంది, చేతికి లొంగనిదాన్ని కత్తి కట్టేవాడు ఎలా పట్టుకుంటాడు? మీ బుజ్జిది పోరు జాతి పౌరుషం కాదు, పెంపకంలో తప్పిన హద్దు.

ఇక మిగిలిన దారులు రెండు. పిల్లలు లేని ఇల్లు, పెట్టలు పది పన్నెండు ఉన్న తోట ఏదైనా మీ ఎరికలో ఉంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వండి. మనిషి మీదికి వస్తుందని, పిల్లవాణ్ణి గీరిందని దాచకుండా చెప్పాలి. చెప్పకుండా ఇస్తే మన ఇంటి ప్రమాదాన్ని మరొకరి గడపలో దించినట్టే. అటువంటి చోటు దొరకకపోతే, మూడు వారాల ప్రయత్నం తర్వాత కూడా అది తడికల మీదికి ఎగురుతూనే ఉంటే, కోయించడంలో పాపం లేదని నా అభిప్రాయం. పొద్దు గూకాక ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకుని, అలవాటున్న చేతితో, వాడి కత్తితో, ఒక్క వేటులో అయిపోవాలి. మిగిలిన కోళ్ల ఎదుట, మీ అబ్బాయి ఎదుట జరగకూడదు. ఏడాది దాటబోతున్న నాటు పుంజు మాంసం గట్టిగా ఉంటుంది, సన్నటి సెగ మీద చాలాసేపు ఉడకాలి. కాని వాడి కంచంలో మాత్రం వాడికి తెలియకుండా వడ్డించకండి. ఎప్పటికైనా తెలుస్తుంది, తెలిసిన రోజున వాడు కోడి గురించి కాదు, మీ గురించి బాధపడతాడు.

వాడికి నిజమే చెప్పాలి. ఐదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యే మాటల్లో, బుజ్జి పెద్దదైపోయింది, తన పెట్టలను కాపాడుకోవాలనుకుంటోంది, నీ మీద కోపం లేదు కాని నువ్వెవరో దానికి తెలియడం లేదు, నీ కన్ను మాకు ముఖ్యం అని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. దడిలో ఉన్నన్నాళ్లూ తడిక ఇవతల నిలబడి, మీరు పక్కన ఉండగా, గుప్పెడు నూకలు వల పైనుంచి లోపలికి చల్లే పని వాడికే ఇవ్వండి. వేళ్లు మాత్రం సందుల్లో పెట్టనివ్వకండి.

కోడిపిల్లలను పొదిగించుకోవాలని ఉంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. పుంజును తీసేసిన తర్వాత కూడా రెండు మూడు వారాల దాకా పెట్టలు పెట్టే గుడ్లకు దాని బీజం ఉండవచ్చు. ఇటువంటి దుడుకుతనం కొంతవరకు సంతానానికి కూడా వస్తుంది, అందుకని ఆ గుడ్లు పొదిగించకుండా, సాధువైన పుంజు ఉన్న ఇంటినుంచి పదో పన్నెండో గుడ్లు తెచ్చి మీ పొదుగు పెట్ట కింద వెయ్యండి. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగుతాయి. ఆ పిల్లలను తల్లితోనే తిరగనివ్వండి. మీ అబ్బాయి వాటిని చూడవచ్చు, గింజలు చల్లవచ్చు, కాని పుంజు పిల్లలని తెలిసిన తర్వాత ఒళ్లో పెట్టుకుని పెంచకూడదు. రెండు మూడు పుంజు పిల్లలను ఆరు నెలల దాకా ఉంచి చూడండి. మీరు నడిచి వస్తుంటే పక్కకు తొలిగేదాన్ని ఉంచుకోండి. మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎదురుగా నిలబడేదాన్నీ, మీ చెప్పు మీద మొదటిసారి పొడిచినదాన్నీ, ఇంకా చిన్నదే కదా అని జాలిపడి ఆగకుండా, ముళ్లు మొలిచేలోపే పెరట్లోంచి పంపించెయ్యండి.